వెళ్లినవాళ్ల అర

ఫోర్ట్ ఎల్మోర్, టెక్సాస్
సెప్టెంబర్ 18, 2022

వదినకు,

స్మృతి నమస్కారాలు. అన్నయ్యకు కూడా, పెరట్లో కరివేపాకు మొక్కతో ముచ్చట్లు అయిపోయాక అందజేయి.

ఎర్ర పెన్ను దగ్గర పెట్టుకున్నావా? "పదమూడేళ్లకే అమెరికా వచ్చిన పిల్లవి, భాష మర్చిపోతావు, నాకు మాత్రం కాగితం మీద తెలుగులోనే రాయాలి" అని నీ పెళ్లయిన కొత్తలో షరతు పెట్టావు. అప్పట్నుంచీ నేను రాస్తూనే ఉన్నాను, నువ్వు నా ఒత్తులు దిద్దుతూనే ఉన్నావు. ఇందులో ఇంకో లాభం ఈమధ్యే కనిపెట్టాను. ఫోన్‌లో ఈషాన్ పేరెత్తగానే కాల్ కట్ చేస్తావు. ఉత్తరమైతే కోపంగా సొరుగులో పడేసినా, మళ్లీ తీసి చదువుతావు.

కాబట్టి నీ కొడుకు గురించే రాస్తాను. వాడు మా క్లినిక్‌కి వచ్చి ఏడాది అయింది. వాణ్ని నేను రప్పించుకోలేదు, పోస్టింగు దానంతటదే వచ్చింది. నువ్వు నమ్మవని తెలిసి కూడా రాస్తున్నాను. ఇక్కడ నన్ను అత్తా అనడు. "మేజర్" అంటాడు, నవ్వు ఆపుకుంటూ. నేను పేషెంటు నోట్లో తల దూర్చి ఉంటే, అడగబోయే పరికరం అడక్కముందే చేతిలో పెడతాడు. మొన్న ఆరడుగుల సైనికుడొకడు సూది చూసి ఏడ్చేశాడు. ఈషాన్ అతని చెయ్యి పట్టుకుని, పని పూర్తయ్యేదాకా బేస్‌బాల్ కబుర్లు చెబుతూ కూర్చున్నాడు. అంత ఓపిక వాడికి ఎవరి పోలికో నాకు తెలీదు. నీది మాత్రం కాదు.

మా వాళ్ల ఆచారం ఒకటి చెబుతాను, నవ్వుతావు. ఈ క్లినిక్ వదిలి వెళ్లేవాళ్ల పళ్ల అచ్చు తీసి ఉంచుకుంటాం. గులాబీ రంగు ముద్ద కలిపి నోట్లో పెట్టి, అది గట్టిపడ్డాక బయటికి తీసి, అందులో ప్లాస్టర్ పోస్తాం. పై వరుస ఒకటి, కింది వరుస ఒకటి. అడుగున పేరు చెక్కి ల్యాబ్‌లో ఒక అరలో పెడతాం. దాన్ని 'వెళ్లినవాళ్ల అర' అంటారు. ఎప్పుడో రిటైరైన కల్నల్ పళ్లూ, ఆయనకు కాఫీ ఇచ్చిన క్లర్కు పళ్లూ పక్కపక్కనే నవ్వుతూ ఉంటాయి. అచ్చు తీసే పని అందరికంటే కొత్తవాళ్లది. వచ్చిన వారంలోనే ఈషాన్ చేత ఒక సార్జెంటుకి తీయించారు. ముద్ద ఎక్కువ కలిపి, పాపం ఆయన మీసమంతా గులాబీ చేశాడు.

ఇంకో సంగతి. పైన పెద్ద మార్పులు వస్తున్నాయి. ఆర్మీ, నేవీ, ఎయిర్‌ఫోర్స్ ఆసుపత్రులూ క్లినిక్కులూ ఒకే ఏజెన్సీ కిందికి తెస్తున్నారు. మా డెంటల్ యూనిట్ అనేదే ఉండదట. యూనిఫాంలో ఉన్నవాళ్లను తగ్గించి సివిలియన్లను పెడతారట. ఎవరు ఎక్కడ తేలతామో తెలీదు. అందుకే అడుగుతున్నాను వదినా, వాడు నాలుగు గంటల డ్రైవ్ దూరంలో ఉండగానే ఒక్కసారి వాడితో మాట్లాడు.

నీ ఆడపడుచు
స్మృతి


ప్లేనో
అక్టోబర్ 9, 2022

చిరంజీవి స్మృతికి,

ఆశీస్సులు. ఈసారి తప్పులు తక్కువే. పొగరు మాత్రం ఎక్కువైంది.

ఆడబిడ్డ అర్ధమొగుడని ఊరికే అనలేదు పెద్దలు. మీ అన్నయ్య నన్ను పల్లెత్తు మాట అనడు, ఆ లోటంతా నువ్వు తీరుస్తావు. ఓపిక ఎవరి పోలికా? ఇంజనీరింగ్ రెండో ఏడు మధ్యలో వదిలేసి, నాకొక్క మాటైనా చెప్పకుండా సైన్యంలో సంతకం పెట్టి వచ్చినవాణ్ని ఇన్నాళ్లు భరించానే, అది ఓపిక కాదా? ఎవర్ని చూసి పెట్టాడు సంతకం? వాడికి ఆరేళ్లప్పుడు నువ్వు యూనిఫాంలో వచ్చి నీ టోపీ తీసి వాడి నెత్తిన పెట్టావు. ఆ టోపీ ఇంకా దిగలేదు.

ఇక్కడ అడిగినవాళ్లకి "మావాడు డెంటల్ చేస్తున్నాడు" అంటున్నాను. అబద్ధం కాదుగా. మా తెలుగు బడిలో చదివే హాసిని వాళ్లమ్మ "ఏ కాలేజ్ అండీ?" అంది. "టెక్సాస్‌లోనే" అని కారెక్కేశాను. ఆదివారం తెలుగు బడిలో పిల్లల చేత 'ఎప్పుడూ నిజమే చెప్పవలెను' అని పలక మీద రాయించి, పార్కింగ్‌లోకి రాగానే నేను చేసే పని ఇది. నవ్వుకో.

వాడితో మాట్లాడమంటావు. ఆ బట్టలతో నా గడప తొక్కవద్దన్నాను, ఆ మాట మీదే ఉన్నాను. ఏప్రిల్‌లో బడి వార్షికోత్సవం ఉంది. అప్పటికి నా కోపం తగ్గితే, వాడు మామూలు బట్టల్లో వస్తే, చూద్దాం.

ఒకటి మాత్రం రాస్తాను, వాడికి చదివి వినిపించకు. వాడి ముందు పన్ను సంగతి నీకు తెలుసు. ఇర్వింగ్‌లో అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లం, వాడికి తొమ్మిదేళ్లు. ఆఫీస్‌కి లేటవుతోందని నేనే చెయ్యి పట్టి బరబరా లాగాను. మెట్ల మీద బోర్లా పడ్డాడు. పైన ఎడమవైపు ముందు పన్ను ఏటవాలుగా సగం ఎగిరిపోయింది. బాగు చేయిస్తానంటే ఏ డాక్టరు దగ్గరా నోరు తెరవలేదు. "ఐ లైక్ ఇట్ అమ్మా" అనేవాడు. నాకేమో వాడు నవ్వినప్పుడల్లా ముందు ఆ పన్నే కనిపిస్తుంది. కోటిమందిలో నిలబెట్టినా ఆ పన్ను చూసి నా కొడుకుని పట్టుకోగలను.

పళ్ల దగ్గర పని కదా, తుపాకుల దగ్గర కాదు కదా అనుకునే కాస్త కునుకు తీస్తున్నాను. ఏ మార్పులైనా రానీ, వాణ్ని అక్కడే నీ దగ్గరే ఉంచు. నీ పెళ్లి నుంచి నీ విడాకుల దాకా నిన్ను నేను ఏదీ అడగలేదు. ఇదొక్కటే అడుగుతున్నాను.

కృష్ణకుమారి


ఫోర్ట్ ఎల్మోర్
డిసెంబర్ 18, 2022

వదినా,

నువ్వు అడిగింది చేయలేకపోయాను. ముందే రాసేస్తున్నాను, ఆ పైన చదవాలో వద్దో నీ ఇష్టం.

మా అసిస్టెంట్లు ముగ్గురిలో ఒక్కరినే ఇక్కడ ఉంచుతామన్నారు. ఆ ఒక్కరి పేరు చెప్పమని మా కమాండరు నన్నే అడిగారు. వాడు నా మేనల్లుడని ఆయనకు తెలుసు. అయినా "నీ మాట మీద నాకు నమ్మకముంది" అన్నారు. ఆ ఒక్క మాటే నన్ను కట్టిపడేసింది. ముగ్గురిలో ఈషానే మంచి పనివాడు. నేను కార్లా పేరు చెప్పాను. కార్లాకు చంటిపిల్ల ఉంది, పని కూడా బాగానే చేస్తుంది, చెప్పుకోవడానికి కారణాలు లేకపోలేదు. కానీ నీకు అబద్ధం చెప్పలేను. వాడు నా మేనల్లుడు కాకపోయి ఉంటే వాడి పేరే చెప్పేదాన్ని. మనవాడని ఇచ్చుకుందన్న మాట పడలేక వాణ్ని పంపుతున్నాను.

వాడు ఏమీ అనుకోలేదు. "ఇట్స్ ఓకే అత్తా, కార్లా బేబీకి ఇక్కడ డేకేర్ ఉంది కదా" అన్నాడు. క్లినిక్‌లో అత్తా అని పిలవడం అదే మొదటిసారి. జనవరిలో కాన్సస్ వెళ్తాడు. సైన్యం శిక్షణకు ఎక్కడికి వెళ్తే అక్కడికి ట్రక్కులో డెంటల్ కుర్చీ వేసుకుని తిరిగే యూనిట్ అది. యుద్ధం కాదు వదినా. శిక్షణే.

నిన్న వీడ్కోలు భోజనాలు పెట్టుకున్నాం. కార్లా వాళ్ల మెక్సికన్ వంటకం, మొక్కజొన్న పిండి తమాలెలు చేసుకొచ్చింది. ఈషాన్ పులిహోర చేశాడు, నిన్ను అడగలేక, చిన్నప్పుడు చూసింది గుర్తు చేసుకుంటూ. ఇంగువ దట్టించాడు. అయినా గిన్నె ఊడ్చేశారు. తర్వాత వాణ్ని కూర్చోబెట్టి పళ్ల అచ్చు తీశాం. కొత్తగా వచ్చిన పిల్ల కంగారు పడుతుంటే, నోటినిండా ముద్దతోనే బొటనవేలు ఎత్తి ధైర్యం చెప్పాడు. అచ్చు అరలో పెట్టాం, కల్నల్ గారి పక్కన.

ఏప్రిల్‌లో నీ బడి వార్షికోత్సవానికి వస్తాడు. లీవ్ అడిగేశాడు. మామూలు బట్టల్లోనే వస్తాడు. నీకు చూపించాల్సింది ఒకటుందట, అది నాతో ఒట్టు వేయించుకున్నాడు గనుక రాయను. దయచేసి ఆ రోజు తలుపు తెరువు.

స్మృతి


ప్లేనో
జనవరి 6, 2023

మేజర్ స్మృతి గారికి,

మీ ఉత్తరం అందింది. మీరు ఎవరికీ అన్యాయం చేయని అధికారి అని తెలిసి సంతోషం. మీ పేరుకు మచ్చ రాకూడదని మా పిల్లవాణ్ని ఖర్చు పెట్టారు. మేనత్త కాకుండా పరాయి మనిషి అయి ఉంటే వాడు అక్కడే ఉండేవాడని మీరే రాశారు. నేను కొత్తగా చెప్పేదేముంది?

మీరు చెప్పిన కారణాలు మీ అన్నయ్యగారికి చదివి వినిపించాను. ఆయన భోజనం దగ్గర నుంచి లేచి వెళ్లిపోయారు.

ఇకమీదట నాకు రాయనవసరం లేదు. మీ ఉత్తరంలో తప్పులు దిద్దలేదు. ఆ పని కూడా మానేశాను.

ఎం. కృష్ణకుమారి


ఫోర్ట్ ఎల్మోర్
ఏప్రిల్ 23, 2023

వదినా,

రాయవద్దన్నావు. రాస్తున్నాను.

ఆ రోజు ప్లేనోలో మన ఈషాన్ దహనం దగ్గర నువ్వు నా వైపు చూడలేదు. నా ఒంటి మీద యూనిఫాం ఉంది. వేరే బట్టలు తెచ్చుకోవాలన్న ఆలోచన కూడా రాలేదు. జెండా మడిచి నీ చేతిలో పెడుతుంటే హాసిని వాళ్లమ్మ నా వెనకాల "డెంటల్ స్కూల్ కదా, మరి ఈ సోల్జర్లేంటి?" అని గుసగుసలాడింది. జవాబు చెప్పే హక్కు నాకెక్కడిది?

అంతా శిక్షణే, యుద్ధం కాదు అని నీకు రాసిన చెయ్యి ఇదే. వానలో వాగు దాటుతుంటే ట్రక్కు బోల్తా పడుతుందనీ, మావాడూ ఆ డ్రైవరూ కొట్టుకుపోతారనీ, రెండు రోజులు వెతకాల్సి వస్తుందనీ నాకు తెలీదు. తెలీదు కాబట్టి నా తప్పు లేదని నాతో అందరూ అంటున్నారు. వాళ్లెవరూ నువ్వు కారు. నువ్వు ఏమన్నా పడతాను.

మొన్న శుక్రవారం మా యూనిట్ ముగిసిపోయింది. చిన్న కార్యక్రమం. కమాండరూ సార్జెంటూ కలిసి జెండాను కర్రకు చుట్టి, గుడ్డ సంచిలో దూర్చి, తాడు కట్టారు. ఇన్నేళ్ల జెండా ఒక గొడుగంత అయింది. తర్వాత కేకు కోశారు, ఎవరూ తినలేదు. సోమవారం నుంచి అదే క్లినిక్, బోర్డు వేరు, మనుషులు వేరు.

ల్యాబ్ ఖాళీ చేయమన్నారు. వెళ్లినవాళ్ల అర కూడా. అడ్రసులు దొరికినవాళ్లకు ఎవరి పళ్లు వాళ్లకు పోస్ట్ చేశాం. దొరకనివాటిని చెత్తలో వేయడానికి చేతులు రాక సార్జెంటు తన కారు డిక్కీలో పెట్టుకుని ఇంటికి పట్టుకుపోయాడు.

ఈషాన్‌వి నీకు పంపుతున్నాను. పై వరుస, కింది వరుస విడివిడిగా చుట్టాను. నా దగ్గర ఉంచుకోవాలని ఉంది. కానీ అవి నీవి.

స్మృతి


ప్లేనో
మే 3, 2023

స్మృతీ,

నీ పెట్టె వచ్చింది. గబగబా రాస్తున్నాను, అక్షరాలు కుదురుగా లేకపోతే ఏమనుకోకు.

అవి ఈషాన్ పళ్లు కావు.

విన్నావా? కావు. పై వరుసలో ఎడమవైపు ముందు పన్ను నిండుగా ఉంది. కొస కూడా పోలేదు. కిటికీ దగ్గర పెట్టి చూశాను, కళ్లజోడు మార్చి చూశాను. నా చేత్తో లాగి నేను విరగ్గొట్టిన పన్ను, నాకు తెలియదా? అడుగున మాత్రం ఈషాన్ అని చెక్కి ఉంది. అంటే పేర్లు తారుమారయ్యాయి. గుప్పెడుమంది ఉన్న క్లినిక్‌లో అచ్చులకే పేర్లు మారిస్తే, అంత పెద్ద సైన్యంలో మనుషులకు మారవా?

దహనం రోజు ఆ శవపేటిక మూత మీవాళ్లు తెరవనివ్వలేదు. చూడకపోవడమే మంచిదమ్మా అన్నారు. ఎవర్ని చూడకపోవడం మంచిది? మేము ఎవర్ని దహనం చేశాం? ట్రక్కులో ఇంకొకరున్నారన్నావు, వేరే ట్రక్కులు కూడా ఉండి ఉంటాయిగా. వీడు ఎక్కడో ఆసుపత్రిలో తెలివిలేకుండా ఉన్నాడేమో. వేరే పేరుతో ఉన్నాడేమో. ఎవరైనా నోరు తెరిచి చూస్తే చాలు, ఆ పన్ను కనిపిస్తుంది. నువ్వు పళ్ల డాక్టరువి, మేజరువి, నీ మాట వింటారు. కాన్సస్‌కి ఫోన్ చెయ్యి. ఆసుపత్రులన్నీ చూడమను.

మీ అన్నయ్యకు చూపించాను. కాసేపు చేతిలో పట్టుకుని, వేలితో తడిమి చూసి, పెరట్లోకి వెళ్లాడు. ఆయన సంగతి వదిలెయ్. నేను వాడి గది ఊడ్చాను. దుప్పట్లు ఉతికి వేశాను.

నీ మీద నాకు కోపం లేదు. తప్పు వస్తువు పంపి మేలు చేశావు. వాడు యూనిఫాంలో వచ్చినా సరే, తలుపు తెరిచే ఉంచుతాను.

తొందరగా రాయి.

వదిన


ఫోర్ట్ ఎల్మోర్
మే 7, 2023

వదినా,

అన్నయ్యను పక్కన కూర్చోబెట్టుకుని చదువు.

అవి ఈషాన్ పళ్లే. ఆ పన్ను నేను బాగు చేశాను.

కారెక్కి వచ్చేద్దామనుకున్నాను. కానీ నా నోటితో చెబితే నమ్మవు, తలుపు వేసేస్తావు. కాగితమైతే మళ్లీ తీసి చదువుతావు.

డిసెంబర్‌లో వాడు వెళ్లేముందు, పేషెంట్లంతా అయిపోయాక, నా కుర్చీలో వచ్చి కూర్చున్నాడు. "ఫిక్స్ చేసెయ్ అత్తా" అన్నాడు. ఇన్నేళ్లు ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు కదరా, ఇప్పుడేమైందన్నాను. ఆ మాటలు వాడు అన్నవి అన్నట్టే రాస్తున్నాను. "అమ్మ నన్ను చూస్తే ఫస్ట్ ఈ టూత్ చూస్తుంది. సారీ ఫేస్ పెడుతుంది. తర్వాత నన్ను చూస్తుంది. ఏప్రిల్‌లో వెళ్తా కదా. అప్పుడు అమ్మ డైరెక్ట్‌గా నన్నే చూడాలి."

చిన్నప్పుడు నచ్చిందని ఎందుకన్నావురా అని అడిగాను. "బాగు చేస్తే అమ్మకి గిల్ట్ పోతుందని నాకు తెలీదు అత్తా. నాకు నచ్చిందంటే పోతుందనుకున్నా" అన్నాడు.

పంటి రంగు పదార్థం పొరలు పొరలుగా వేసి, లైటు పెట్టి గట్టిపరచి, అరగదీశాను. అద్దం ఇస్తే చాలాసేపు చూసుకున్నాడు. ఇప్పుడు అందంగా ఉన్నానా అని కాదు, "అమ్మ గుర్తుపడుతుందా?" అని అడిగాడు. ఎందుకు పట్టదురా అని నెత్తి మీద మొట్టాను. ఆ తర్వాతే అచ్చు తీశారు. నీకు చూపించాలన్నది అదే. చెప్పనని ఒట్టు వేశాను. ఆ ఒట్టే నీకింత ఆశ పెట్టింది. పెట్టెలో ఒక ముక్క రాసి పెడితే పోయేది. పన్ను సంగతి నువ్వు రాసిన ఉత్తరం నా సొరుగులోనే ఉంది, అయినా నాకు తోచలేదు. నా కళ్లకు అది ఇప్పుడు వాడి పన్నే, విరిగిన పన్ను అన్న సంగతే మర్చిపోయాను.

ఇంకొకటి కూడా చెప్పాలి. వాగులో దొరికినప్పుడు వాడే అని తేల్చడానికి వాళ్లు నా క్లినిక్‌లో తీసిన ఎక్స్‌రేలనే తెప్పించుకున్నారు. అక్కడివీ ఇక్కడివీ నేను కూడా పక్కపక్కన పెట్టి చూశాను, వదినా. నా చేతిపని నేను గుర్తుపట్టనా? కాకూడదని ఎంతమంది దేవుళ్లకు మొక్కుకున్నానో నీకు తెలీదు. నీకంటే ముందు ఆ ఆశ పెట్టుకున్నదాన్ని నేనే. ఎవర్నీ వెతకమని అడగలేను. వెతకడానికి ఎవరూ లేరు.

నన్ను నమ్మకపోతే, ఆ పన్ను వెనకవైపు గోరుతో తడుము. నేను అతికించినచోట ఏటవాలుగా సన్నటి గీత తగులుతుంది. ముందువైపు నునుపు చేశాను, వెనక సరిగ్గా చేయలేదు. ఏప్రిల్‌లో వస్తావుగా, అప్పుడు చేస్తానులే అన్నాను.

స్మృతి


ప్లేనో
జూన్ 11, 2023

స్మృతీ,

గోరు పెట్టి చూశాను. తగిలింది.

నీ ఉత్తరం వచ్చిన రోజు చూడలేదు. గీత తగలకపోతే నువ్వు అబద్ధం చెప్పావని అనుకోవచ్చు, తగిలితే ఇంక అనుకోవడానికేమీ ఉండదు. అందుకని రోజూ దాటేశాను. నిన్న మీ అన్నయ్య నా చెయ్యి పట్టుకుని, వేలు అక్కడ పెట్టాడు. ఆ గీత ఆయనకు మొదటిరోజే తగిలిందట. పెరట్లోకి వెళ్లింది అందుకేనట. నాతో చెప్పడానికి ధైర్యం చాలలేదట.

నేను డైరెక్ట్‌గా వాణ్నే చూడాలన్నాడా? పెట్టె విప్పగానే నేను ముందు చూసింది ఆ పన్నునే, స్మృతీ. నిండుగా ఉన్నా దాన్నే చూశాను. అది విరిగి లేదని, వాడు వాడు కాదన్నాను. అమ్మ గుర్తుపడుతుందా అని వాడు అడిగినదానికి ఇదీ నా జవాబు. ఈ మాట తలుచుకున్నప్పుడల్లా చేస్తున్న పని వదిలేసి లేచిపోతున్నాను. ఆఫీస్‌లో కూడా.

వార్షికోత్సవం వాయిదా వేసి ఈరోజు చేశారు. నేను వెళ్లాను. మైకు ఇచ్చినప్పుడు, మా అబ్బాయి సైన్యంలో పళ్ల డాక్టరు పక్కన సహాయకుడిగా పనిచేసేవాడు, సూదికి భయపడేవాళ్ల చెయ్యి పట్టుకునేవాడు అని చెప్పాను. హాసిని వాళ్లమ్మ వచ్చి గట్టిగా పట్టుకుంది. ఆమె మీద కూడా కోపం పోయింది.

నీ మీద పోయిందో లేదో నాకు తెలీదు. ఉన్న మాట రాస్తున్నాను. నువ్వు కార్లా పేరు చెప్పిన రోజు గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఆ పిల్ల బిడ్డ గుర్తొస్తే ఏమీ అనలేకపోతాను. రెండూ ఒకదాని తర్వాత ఒకటి వస్తున్నాయి. కానీ వాడి నోరు చివరిసారి బాగు చేసిన చేతులు నీవి. వాటిని చూడాలని ఉంది.

ఒకసారి రా. యూనిఫాంలో వచ్చినా సరే. వాడి పై వరుసా కింది వరుసా కలిపి పట్టుకుంటే నోరు మూసినట్టు కుదరాలట కదా, మీ అన్నయ్య ఎక్కడో చదివాడు. నేను ఎలా పెట్టినా కుదరడం లేదు. వచ్చి చూపించు.

నీ ఉత్తరంలో తప్పులున్నాయి. దిద్దలేదు. అలాగే ఉంచాను.

మీ వదిన
కృష్ణకుమారి